పాచి మేసే చేపల గెట్టు పంచాయితీ

ఆఫ్రికా తూర్పు భాగంలో మలావి అనే సరస్సు ఉంది. మలావి, మొజాంబిక్, టాంజానియా, ఈ మూడు దేశాలూ దాని ఒడ్డునే ఉన్నాయి. పొడవు దాదాపు 580 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 700 మీటర్లు దాటుతుంది. ఒడ్డు చాలాచోట్ల బండరాళ్లమయం. నీళ్లు తేటగా ఉంటాయి. ఎండ లోతుగా దిగుతుంది. ఎండ తగిలిన ప్రతి రాయి మీదా పచ్చగా పాచి పడుతుంది. ఆ పాచిని మేసి బతికే చేపలు ఆ రాళ్ల సందుల్లో కాపురం ఉంటాయి. వాటిని ఎంబూనా చేపలంటారు. సిక్లిడ్ అనే పెద్ద కుటుంబంలోవి ఇవి. మంచినీటి చేపల్లో ఇంత మెరిసే రంగులు అరుదు. నిమ్మపండు పసుపు, ముదురు నీలం, నారింజ, నలుపు చారలు. చాలా జాతులు వేలెడు పొడవు దాటి మరీ పెద్దగా పెరగవు.

మన దుకాణాల్లో వీటిని ఆఫ్రికన్ సిక్లిడ్లని అమ్ముతారు. చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ చోటు. అలాంటి చోట్ల పెరిగిన చేపపిల్లలు హైదరాబాదుకు వస్తాయి. అక్కడి నుంచి కామారెడ్డి, బాన్సువాడ లాంటి ఊళ్లకూ, ఆ పక్కన నస్రుల్లాబాద్ లాంటి పల్లెలకూ చేరడం ఇప్పుడు పెద్ద పని కాదు. రంగు చూసి రెండో మూడో కొంటారు. ఇంట్లో ఉన్న చిన్న తొట్టిలో, గోల్డ్ ఫిష్ పక్కన వదులుతారు. కొన్నాళ్లకు గోల్డ్ ఫిష్ తోకలు చిరుగుతాయి. మరికొన్నాళ్లకు తొట్టిలో ఒక్క చేపే మిగులుతుంది. అది మాత్రం నిగనిగలాడుతూ, అద్దం దగ్గరికొచ్చి తిండి అడుగుతుంటుంది. చేప చెడ్డదని అప్పుడు తీర్పు చెబుతారు. చేప చెడ్డది కాదు. దాని తిండి అలాంటిది.

ఇది కాస్త నిదానంగా వినవలసిన సంగతి. నీటి మీద తేలే పురుగును తినే చేపకు కాపలా కాయడానికి ఏమీ ఉండదు. పురుగు ఈ పూట ఇక్కడ, రేపు ఇంకెక్కడో. పాచి అలా కాదు. అది రాయిని పట్టుకుని ఉంటుంది. ఇవాళ మేస్తే రేపటికి మళ్లీ మొలుస్తుంది. అంటే ఆ రాయి ఒక ఆస్తి. నస్రుల్లాబాద్ చుట్టుపక్కల రైతులకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. 1931లో నిజాంసాగర్ కట్ట పూర్తయింది. మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చాయి. మెట్ట భూమిలో అడుగు అటూ ఇటూ అయినా పట్టించుకోని మనిషి, కాలువ నీళ్లు పారే పొలంలో జానెడు జరిగినా ఊరుకోడు. ఏటా పంట ఇచ్చే నేల కాబట్టే గెట్టు పంచాయితీ పుడుతుంది. ఎంబూనా మగచేపకు పాచి పట్టిన రాయి కూడా అలాంటి తడి పొలమే.

మలావి సరస్సులో ఈతగాళ్లు నీళ్లలోకి దిగి ఈ రాళ్లను గమనించారు. కొన్ని జాతుల్లో, మగచేప కాపలా ఉన్న రాయి మీద పాచి ఒత్తుగా, పొడుగ్గా కనిపించింది. పక్కన కాపలా లేని రాయి మీద గొరిగినట్టు పొట్టిగా ఉంది. మగచేప తన రాయి దగ్గరికి ఎవరొచ్చినా తరుముతుంది. అన్నిటికంటే ఎక్కువగా తన జాతి మగచేపను తరుముతుంది. అది మేతకూ పోటీయే, ఆడచేపలకూ పోటీయే. దాని తర్వాత, తనలాంటి రంగు, తనలాంటి చారలు ఉన్న చేపల మీద పడుతుంది. రంగూ రూపూ వేరే ఉన్నవాటిని కొంత సహిస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే, ముందు ముందు చేపల ఎంపికలో చాలా పనికొస్తుంది.

సరస్సులో ఓడిన చేప పారిపోతుంది. నాలుగు బారలు ఈదితే చాలు, తరిమే చేప వెనక్కి తిరిగి తన రాయి దగ్గరికి వెళ్లిపోతుంది. అక్కడితో గొడవ ముగుస్తుంది. తొట్టిలో ఆ నాలుగు బారలు లేవు. అద్దం అడ్డం వస్తుంది. గెలిచిన చేపకు ఓడిన చేప ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. ఇంకా తన హద్దులోనే ఉందనుకుని మళ్లీ కొడుతుంది. మళ్లీ మళ్లీ కొడుతుంది. సరస్సులో క్షణంలో తేలిపోయే తగువు తొట్టిలో ప్రాణం తీసేదాకా సాగుతుంది.

అందుకని ఈ చేపల పెంపకంలో అసలు సూత్రం ఒకటే. ఏ ఒక్క చేపకూ తొట్టి మొత్తం దక్కకూడదు. తొట్టి, రాళ్లు, చేపల సంఖ్య, మేత, అన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. మరోసారి. ఏ ఒక్క చేపకూ తొట్టి మొత్తం దక్కకూడదు.

మొదట తొట్టి. దీనికి ఎత్తు ముఖ్యం కాదు, నేల ముఖ్యం. చూడ్డానికి బాగుంటుందని నిలువుగా, స్తంభంలా ఉండే తొట్టి కొంటే ఎంబూనాకు పనికిరాదు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇది మొదలుపెట్టడానికి సరిపోయే కొలత. అందులో అంచుదాకా పోస్తే దాదాపు 255 లీటర్ల నీళ్లు పడతాయి. నీళ్ల బరువే రెండున్నర క్వింటాళ్లు. రాళ్లు, ఇసుక, అద్దం బరువు వేరే. టీవీ బల్ల మీద పెట్టే వస్తువు కాదిది. కింద ఇనుప స్టాండు కావాలి. నేల సమంగా ఉండాలి. స్టాండు ఏ మూల కొంచెం ఒరిగినా అద్దం అతుకు దగ్గర విడుతుంది. రెండడుగుల తొట్టి మాత్రమే పెట్టగల ఇంట్లో ఈ చేపల జోలికి పోకపోవడమే మేలు. ఆ తొట్టికి గప్పీలో, మాలీలో అందంగా ఉంటాయి.

తర్వాత రాళ్లు. ఈ తొట్టిలో రాయి అలంకారం కాదు. రాయి అంటే గెట్టు, రాయి అంటే దాక్కునే చోటు, రాయి అంటే మేత. తెలంగాణ ఇళ్లకు ఇక్కడొక సౌకర్యం ఉంది. పాత ఇళ్లలో నేలకు పరిచిన షాబాద్ బండలు, తాండూరు బండలు సున్నపురాయి జాతివి. ఇల్లు మార్పులు చేసినప్పుడు ఆ ముక్కలు పెరట్లో పడి ఉంటాయి. సున్నపురాయి నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి నీటి గట్టిదనాన్ని నిలబెడుతుంది. మామూలు రంగుచేపల్లో కొన్నిటికి అది పడదు. మలావి చేపలకు మాత్రం సరిగ్గా అదే కావాలి. సిమెంటు, రంగు, నూనె మరకలు లేని ముక్కలు ఏరుకోవాలి. బ్రష్షుతో రుద్ది, వేడినీళ్లు పోసి కడగాలి. సబ్బు మాత్రం తగలనీయకూడదు. బల్లపరుపు రాళ్లు కాబట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి గుహలు కట్టడం సులువు. మన గుట్టల్లో దొరికే నల్లరాయి, గుండ్రాళ్లు కూడా వాడవచ్చు. అవి నీటిని మార్చవు, వాటి మీద పాచి బాగా పడుతుంది.

పేర్చడంలో ఒక జాగ్రత్త ఉంది. ఈ చేపలు ఇసుకను నోటితో తవ్విపోస్తాయి. ఇసుక మీద రాళ్లు పెడితే, కింద ఇసుక జారి రాయి అద్దం మీద పడుతుంది. కాబట్టి ముందు తొట్టి అడుగున పలచటి థర్మాకోల్ పరచాలి. దాని మీద పెద్ద రాళ్లు కూర్చోబెట్టాలి. చివర్లో ఇసుక పోయాలి. వాగు ఇసుక బాగా పనికొస్తుంది. బకెట్‌లో వేసి, పైకి తేరిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఇల్లు కట్టేవాళ్లు ఇసుక కడిగి వాడరు, చేపలు పెంచేవాళ్లకు మాత్రం ఆ తిప్పలు తప్పవు.

రాళ్లు ఒకే కుప్పగా పోస్తే ఆ కుప్పకు ఒకే యజమాని తయారవుతాడు. అందుకే మూడు నాలుగు కుప్పలుగా పేర్చాలి. మధ్యలో ఖాళీ వదలాలి. కుప్పలు నీటిలో సగం ఎత్తుకు పైగా రావాలి. ఈ కుప్ప దగ్గరి చేపకు ఆ కుప్ప వెనక చేప కనిపించకూడదు. కనిపించని చేప మీద కోపం రాదు. ప్రతి గుహకూ రెండు దారులు ఉండాలి. ఒక్క దారే ఉంటే, లోపలికి దూరిన చేప బయటి నుంచి వచ్చిన దానికి చిక్కిపోతుంది.

ఇక సంఖ్య. మామూలు బుద్ధికి ఇది తిరకాసుగా కనిపిస్తుంది. పోట్లాడే చేపలు కదా, తక్కువ పెడితే గొడవ తగ్గుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఎంబూనాలో అది తలకిందులు. రెండు చేపలు పెడితే ఒకటి రెండోదాన్ని చంపుతుంది. నాలుగు పెడితే ఒకటి మూడింటిని చంపుతుంది. ఇరవై పెడితే దేన్ని తరమాలో తెలియక అలిసిపోతుంది. ఒకదాన్ని తరుముతుంటే మరొకటి అడ్డం వస్తుంది. దాని వెంట పడేలోగా మూడోది తన రాయి మీద మేస్తుంటుంది. కోపం తగ్గదు, పంచబడుతుంది. దెబ్బలు ఒకే చేప మీద పడకుండా ఇరవై చేపల మీద తలా ఒకటి పడతాయి. తలా ఒకటి పడితే ఏ చేపా చావదు. నాలుగడుగుల తొట్టికి ఇరవై నుంచి పాతిక చేపలు సరైన లెక్క.

ఆ పాతికలో మగా ఆడా లెక్క కూడా చూడాలి. ఒక్కో జాతిలో ఒక మగచేపకు కనీసం మూడు నాలుగు ఆడచేపలు ఉండాలి. ఒక్క ఆడచేపే ఉంటే, మగచేప దాన్ని తరిమి తరిమి నీరసింపజేస్తుంది. అయితే దుకాణంలో ఉండే చిన్నపిల్లల్లో మగేదో ఆడేదో తెలియదు. తెలుసని చెప్పే అమ్మకందారు మాటా నమ్మనక్కర్లేదు. కెన్యీ అని పిలిచే ఒక జాతి ఉంది. చిన్నప్పుడు అన్నీ నీలంగానే ఉంటాయి. ఆడచేప అలాగే నీలంగా ఉండిపోతుంది. మగచేప పెద్దయ్యాక పసుపుకు మారుతుంది. అందుకని ఒక్కో జాతికి ఎనిమిది, పది పిల్లలు కొనడం మంచిది. పెరిగేకొద్దీ ఎక్కువైన మగచేపలను తీసి ఇచ్చేయాలి.

జాతుల ఎంపికలో ఇందాకటి ముక్క పనికొస్తుంది. తనలాంటి రంగున్న చేపనే మగచేప ఎక్కువ కొడుతుంది. కాబట్టి ఒకే తొట్టిలో పెట్టే జాతులు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి. నీలం చారలది ఒకటి, పసుపుది ఒకటి, నారింజది ఒకటి. మూడు జాతులు చాలు. మొదటిసారి పెంచేవారికి ఎలక్ట్రిక్ ఎల్లో అని అమ్మే లాబిడోక్రోమిస్ నయం. మొత్తం పసుపు ఒళ్లు, వీపు రెక్క మీద నల్లటి గీత. ఎంబూనాలో ఇంత సాధువు మరొకటి కనిపించదు. రాళ్ల మీది చిన్న పురుగులే దాని ముఖ్యమైన తిండి, కానీ తొట్టిలో మిగతావాటి మేతకు అలవాటు పడుతుంది. దానికి పూర్తి ఎదురు ఆరాటస్. పిల్లప్పుడు బంగారు రంగు మీద నల్లచారలు, చూస్తే కొనకుండా ఉండలేరు. అది మగచేపైతే పెరిగాక రంగు తారుమారవుతుంది, నల్లటి ఒంటి మీద లేత చారలు తేలతాయి. నాలుగడుగుల తొట్టిని మొత్తంగా ఆక్రమించే చేప అది. కొత్తవాళ్లు దాన్ని దుకాణంలో చూసి ఆనందించి, అక్కడే వదిలేసి రావాలి.

డెమసోని అనే చిన్నచేప కథ వేరు. టాంజానియా ఒడ్డున ఒక చిన్న రాళ్ల ప్రాంతం దాని స్వస్థలం. 1994లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. ఒళ్లంతా లేత నీలం, ముదురు నీలం పట్టీలు. ఆడా మగా ఒకేలా ఉంటాయి. అందువల్ల ప్రతి చేపకూ ప్రతి చేప శత్రువులాగే కనిపిస్తుంది. అయిదారు పెడితే చివరికి ఒక్కటే మిగులుతుంది. పన్నెండుకు తగ్గకుండా పెడితే కలిసి బతుకుతాయి. ఏ ఒక్క చేపకూ తొట్టి మొత్తం దక్కకూడదన్న మాటకు ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

చేపలన్నిటినీ ఒకేసారి, పిల్లలుగా ఉన్నప్పుడే వదలాలి. అందరూ ఒకే రోజు దిగితే పాతకాపు అంటూ ఎవరూ ఉండరు. తర్వాత ఎప్పుడైనా కొత్తవాటిని కలపాల్సి వస్తే ఒంటరిగా ఒకదాన్ని వదలకూడదు. నాలుగైదు కలిపి వదలాలి. దానికి ముందు లైటు ఆర్పి రాళ్లన్నీ తీసి వేరేలా పేర్చాలి. పాత గెట్లన్నీ చెరిగిపోతాయి. పాతచేపలు కూడా కొత్తగా చోటు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో కొత్తవాటిని పట్టించుకోవు.

ఇంతమందిని ఒక్క తొట్టిలో కుక్కితే దానికి మూల్యం ఉంటుంది. అది నీటి రూపంలో చెల్లించాలి. పాతిక చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. మలావి చేపలకు క్షారగుణం ఉన్న నీళ్లు కావాలి. పీహెచ్ 7.8 నుంచి 8.6 దాకా ఉండాలి. చిక్కేమిటంటే, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. అదే మోతాదు అమ్మోనియా మామూలు తొట్టిలో చేపను ఇబ్బంది పెడితే, ఇక్కడ చంపుతుంది. కాబట్టి గంటకు తొట్టి నీళ్లను ఐదారుసార్లు తిప్పగల ఫిల్టర్ ఉండాలి. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే చేపలు కొనకూడదని చెప్పేది అందుకే. అప్పటికే నడుస్తున్న తొట్టి నుంచి ఫిల్టర్ స్పాంజి ముక్క దొరికితే పని తొందరగా అవుతుంది. స్పాంజిని నల్లా కింద పిండితే బ్యాక్టీరియా చస్తుంది. తొట్టిలో నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

చివరికి మిగిలే నైట్రేట్‌ను తీసేది బకెట్టే. వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి. ఇక్కడ ఏ నీళ్లు పోయాలన్న ప్రశ్న వస్తుంది. ఊళ్లో మూడు రకాల నీళ్లున్నాయి. బోరు నీళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు, వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు. మనుషులు తాగే క్యాన్ నీళ్లే చేపలకూ మంచివని చాలామంది అనుకుంటారు. మలావి చేపలకు అవి మంచివి కావు. ప్లాంటులో లవణాలను చాలావరకు వడగట్టేస్తారు. ఈ చేపలకు కావలసిందే ఆ లవణాలు. గీజరుకు తెల్లగా పొక్కు కట్టించే, సబ్బు నురగ రానీయని బోరు నీళ్లు మనుషులకు చికాకు. ఎంబూనాకు మాత్రం అవి నప్పుతాయి. ఇంటి ఖర్చులో ఒక చిల్లు తగ్గినట్టే. బోరు నీళ్లను వెంటనే పోయకుండా డ్రమ్ములో ఒక రాత్రి ఉంచి, గాలి పంపు నడపాలి. భూమి లోపలి వాయువులు పోతాయి, నీటిలో ప్రాణవాయువు కలుస్తుంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వాటినీ ఒక రోజంతా గాలి పట్టించి వాడాలి. తొందరైతే క్లోరిన్ విరుగుడు చుక్కలు దుకాణంలో దొరుకుతాయి.

మలావి సరస్సు పైనీళ్ల వేడి మన లెక్కలో హాయిగా ఉంటుంది. తొట్టిలో 24 నుంచి 28 డిగ్రీలు ఉంటే చాలు. కామారెడ్డి జిల్లాలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల ఇంట్లో తొట్టి నీళ్లు 32కు మించిపోతాయి. వేడినీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. పాతిక చేపలున్న తొట్టిలో ఆ లోటు మొదట తెలుస్తుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మూత తీసి, నీటి మీదుగా టేబుల్ ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు నీళ్లు పోస్తుండాలి. మంచుగడ్డలు వేసి ఒక్కసారిగా చల్లబరిస్తే అసలుకే మోసం. కరెంటు పోతే ఫిల్టరూ ఆగుతుంది, గాలీ ఆగుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఫ్యాను కంటే ముందు గాలి పంపును దానికి కలపాలి. చలికాలం రాత్రుల్లో హీటరు తప్పదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ ప్రాంతపు చలి సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మేత. పాచి మేసే చేప పేగు చాలా పొడవు. దాని ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది. పాచిలో సారం తక్కువ, అది అరగడానికి సమయం పడుతుంది. అందుకే సరస్సులో ఈ చేప పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా మేస్తూనే ఉంటుంది. ఒక్కోసారి నోట్లోకి వచ్చేది చాలా కొంచెం. ఒక్కో జాతి నోరు ఒక్కో రకం మేతకు తయారైంది. ఒకటి దువ్వెనలాంటి పళ్లతో రాయి మీది మెత్తని పొరను దువ్వుకుంటుంది. ఒకటి పాచి పోగులను కొరికి తెంపుతుంది. లేబియోట్రోఫియస్ అనే చేప ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, నోరు కిందికి ఉంటుంది. మిగతావి తలకిందులుగా నిలబడి మేయాల్సి వస్తే, అది రాయికి సమాంతరంగా ఈదుతూనే మేస్తుంది.

అలాంటి పేగులోకి మాంసం వెళితే ఆగిపోతుంది, పులుస్తుంది. ఎర్రపురుగులు, ట్యూబిఫెక్స్ పురుగులు, గుండెకాయ మాంసం, ఇవన్నీ వేరే చేపలకు బలం. వీటికి ముప్పు. మొదట చేప తిండి మానేస్తుంది. నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. తర్వాత పొట్ట ఉబ్బుతుంది. తెల్లటి దారంలా మలం వేలాడుతుంది. ఉబ్బుడు జబ్బని పెంపకందార్లు భయపడేది దీనికే. పొట్ట ఉబ్బాక బతకడం కష్టం. తిండి మానిన రోజే పట్టుకోవాలి. ఆ చేపను వేరుచేసి, తొట్టి మొత్తానికి మేత ఆపి, నీళ్లు మార్చాలి. మెట్రోనిడజోల్ అనే మందు వాడతారు. మోతాదు పశువైద్యుణ్ణో, అనుభవమున్న పెంపకందారునో అడిగి వేయాలి.

ఈ జబ్బుకు మందు కంటే పెరడు నయం. పాలకూర ఆకులు వేడినీళ్లలో ముంచి తీసి, చల్లార్చి, చిన్నరాయికి కట్టి తొట్టిలో వేస్తే చాలు. చేపలన్నీ పీక్కు తింటాయి. బజారు ఆకుకూరకు మందులు కొట్టి ఉంటారు, కాబట్టి పెరటి కూరే మంచిది. ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ, సన్నగా కోసిన కీరదోస కూడా తింటాయి. రోజువారీ మేతగా స్పిరులినా కలిసిన గింజలు వాడాలి. స్పిరులినా కూడా నీళ్లలో పెరిగే సూక్ష్మజీవే, నాచుపొడిలా పచ్చగా ఉంటుంది. ఒకేసారి గుప్పెడు వేయకూడదు. రోజుకు రెండు మూడుసార్లు, ఒక నిమిషంలో అయిపోయేంతే వేయాలి. తొట్టికి రెండు మూలలా వేయాలి. ఒకే మూల వేస్తే బలమైన చేప ఆ మూలను కాపలా కాస్తుంది.

పాచి కూడా తొట్టిలో పెరగాలి. పండుగ వస్తుందంటే ఇంట్లోవాళ్లు రాళ్లు బయటికి తీసి తళతళలాడేలా రుద్దుతారు. అది ఆ చేపల కంచం ఎత్తేయడం లాంటి పని. ముందు అద్దం ఒక్కటి తుడిస్తే సరిపోతుంది. వెనక అద్దం, రాళ్లు పచ్చబడనివ్వాలి. రోజుకు ఎనిమిది, పది గంటలు లైటు వేస్తే పాచి దానంతటదే పడుతుంది. చేపలు రోజంతా మేస్తాయి. మేతలో మునిగిన చేపకు తగువుల మీద ధ్యాస తక్కువ.

ఇంత చేసినా తరుములాట ఉండదని కాదు. తరుములాట లేని ఎంబూనా తొట్టి అంటే చేపలకు ఒంట్లో బాగాలేదని అర్థం. వెంటపడటం, రెక్కలు విప్పి బెదిరించడం, నోరూ నోరూ పట్టుకోవడం మామూలు. గమనించాల్సింది ఓడిన చేపను. అది కాసేపటికి బయటికొచ్చి మేస్తుంటే పరవాలేదు. పైమూలలో హీటరు వెనక నక్కి, రంగు నల్లబడి, రెక్కలు చిరిగి, మేతకు కూడా రాకపోతే ప్రమాదం. అప్పుడు చాలామంది దెబ్బలు తిన్న చేపను తీస్తారు. దాన్ని కాపాడటానికి తీయాల్సిందే, కానీ అంతటితో ఆపితే మర్నాటి నుంచి దెబ్బలు ఇంకో చేపకు మొదలవుతాయి. కొట్టే చేపను కూడా తీసి వారం రోజులు వేరే తొట్టిలో ఉంచాలి. ఈలోగా రాళ్లు మార్చి పేర్చాలి. తిరిగొచ్చేసరికి దాని రాయి మరొకరి చేతిలో ఉంటుంది. పెత్తనం కొత్తగా సంపాదించుకోవాలి. రెండోసారి కూడా అదే దారి పడితే ఆ చేపను ఇచ్చేయడమే.

సంసారం బాగా కుదిరితే పిల్లలు పుడతాయి. వీటి పురుడు నోట్లో జరుగుతుంది. ఆడచేప బండ మీద గుడ్డు పెట్టి, వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. మగచేప కింది రెక్క మీద గుడ్ల లాంటి పసుపు చుక్కలు ఉంటాయి. ఆడచేప వాటి దగ్గర నోరు పెట్టినప్పుడు వీర్యం నోట్లోకి వెళ్లి, గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. ఆ చుక్కల పని ఇదని జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ విక్లర్ 1962లో రాశాడు. తల్లి దాదాపు మూడు వారాలు గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే మోస్తుంది. దవడ ఉబ్బి ఉంటుంది, తిండి తినదు. దాన్ని జబ్బు అనుకుని మందులు వేయకూడదు. నోట్లో నుంచి వదిలిన పిల్ల సెంటీమీటరు ఉంటుంది. పుట్టిన రోజు నుంచే రాయి మీద పాచి మేస్తుంది. గుంపు తొట్టిలో చాలా పిల్లలు పెద్దచేపలకు ఆహారమైపోతాయి. సన్నటి సందులు దొరికినవి కొన్ని బతుకుతాయి. వేర్వేరు జాతులు ఒకదానితో ఒకటి కలిస్తే సంకరం కూడా పుడుతుంది. ఆ పిల్లలను జాతిచేపలని ఎవరికీ అమ్మకూడదు.

మిగులు చేపలను చెరువులో, కాలువలో, నిజాంసాగర్‌లో వదలడం మాత్రం పనికిరాదు. సిక్లిడ్లు మన దేశానికి పూర్తిగా కొత్తవేం కావు. కేరళ 2010లో రాష్ట్రచేపగా ప్రకటించిన కరిమీన్ సిక్లిడే. నాచు మేసే చేపే. మన కోస్తా ఉప్పునీటి కయ్యల్లో కూడా ఉంటుంది. అది ఇక్కడే పుట్టి, ఇక్కడి చేపలతో కలిసి బతికిన జాతి. బయటి నుంచి వచ్చిన సిక్లిడ్ సంగతి తిలాపియా చూపించింది. ఆఫ్రికా జాతి అయిన దాన్ని 1952లో మన దేశంలో ప్రవేశపెట్టారు. అదీ పాచి తింటుంది, అదీ పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుకుంటుంది. ఆ బలంతోనే చెరువుల్లో విపరీతంగా పెరిగి, స్థానిక చేపల చోటు ఆక్రమించింది. ఎక్కువైన ఎంబూనాను కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వవచ్చు. చాలామంది దుకాణదారులు వాటికి బదులు మేతో, మందో ఇస్తారు. పెద్ద తొట్టి ఉన్న మరో పెంపకందారు దొరికితే, ఆడచేపలతో కలిపి గుంపుగా ఇవ్వాలి. ఒంటరి మగచేపను ఎవరి తొట్టిలోకీ పంపకూడదు.